పాత గొంతు

పదకొండేళ్ళుగా తయారుచేసిన నాలుగువందల ముప్ఫై పుస్తకాల్లో ఒక్కటి కూడా తెరుచుకోవడం లేదని తెలుసుకోవడానికి కంప్యూటర్ మెకానిక్‌కి సరిగ్గా నాలుగు నిమిషాలు పట్టింది.

ఐదో నిమిషంలో అతను ఏమీ చెయ్యలేదు. మౌస్ మీంచి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనకాల మేనేజర్, అకౌంటెంటు, టైపిస్టు, అచ్చు యంత్రం నడిపే కుర్రాడు, నలుగురూ నిలబడి ఉన్నారు.

అది చూపులేని వాళ్ళ కోసం చుక్కల పుస్తకాలు అచ్చువేసే బ్రెయిలీ ప్రెస్. మూడు గదులు, నాలుగు కంప్యూటర్లు, అందరి చెవులూ చిల్లులు పడేలా టకటకమని కొడుతూ దళసరి కాగితం మీద చుక్కలు పొడిచే యంత్రం ఒకటి. టైపిస్టు పాఠాన్ని మామూలు అక్షరాల్లో కొడుతుంది. కంప్యూటర్ దాన్ని చుక్కల్లోకి మారుస్తుంది. కాగితం మీదికి ఎక్కకముందు ఒకసారి చెవితోనూ, ఎక్కాక ఇంకోసారి వేలితోనూ ప్రూఫ్ మాస్టారు చదువుతారు. ఆయనకి పుట్టుకతోనే చూపు లేదు. ఆయన వేలు ఒప్పుకోని పేజీ ఇంతవరకూ ఆ గడప దాటి బయటికి వెళ్ళలేదు.

మెకానిక్ మళ్ళీ తెరకేసి చూశాడు. ప్రతి ఫైలు పేరు చివరా తోక అతికించినట్టు ఆరు అక్షరాలు వేలాడుతున్నాయి. తెరిస్తే అన్నీ పిచ్చి గీతలు. ఫోల్డర్‌కొకటి చొప్పున ఒక్క ఉత్తరం మాత్రం చక్కగా తెరుచుకుంటోంది. మీ ఫైళ్ళకి తాళం వేశాం, తాళంచెవి మా దగ్గరుంది, మూడు రోజుల్లోగా మాతో మాట్లాడుకోండి అని అందులో ఇంగ్లీషులో, మర్యాదగానే రాసి ఉంది.

“ఇంకో కాపీ ఉందిగా డాక్టరు గారూ, ఆ నల్ల పెట్టెలో,” అంది మేనేజర్ మేడమ్. ఆ ప్రెస్‌లో అందరూ అతన్ని డాక్టరనే పిలుస్తారు. కంప్యూటర్‌కి జలుబు చేసినా అతనే రావాలి.

నల్ల పెట్టె బల్ల చివర నీలం దీపం వెలిగించుకుని అమాయకంగా కూర్చుని ఉంది. దాని తీగ కంప్యూటర్‌కే తగిలించి ఉంది. ఏడాదిన్నరగా అలాగే ఉంది. తెరిచి చూశాడు. అందులోనూ అవే తోకలు. ఇంట్లోని ఇనప్పెట్టె తలుపు బార్లా తీసి ఉంచితే దొంగ దాన్ని మాత్రం ఎందుకు వదులుతాడు? ఆ పెట్టె బిగించిన రోజున, రోజూ తీసి పెట్టాలా అని మేడమ్ అడిగింది. అక్కర్లేదు, అలా వదిలెయ్యండి, దానంతటదే కాపీ చేసుకుంటుంది అని చెప్పింది ఎవరో అతనికి బాగా గుర్తుంది.

వైరసేనా అని అడిగాడు అకౌంటెంటు. జ్వరాలన్నిటినీ జ్వరమే అన్నట్టు మీరు అన్నిటినీ వైరసే అంటారు, దీనికి వేరే పేరుంది, ఇది తాళం వేసి బేరమాడే రకం అన్నాడు మెకానిక్. వైరస్ అయితే ఏదో ఒక ఫైలుకి అంటుకుని ఉంటుంది, మనం ఆ ఫైలు తెరిస్తేనే లేస్తుంది. పురుగు రకం అయితే మనం ఏమీ తెరవక్కర్లేదు, ఒక మిషన్‌లోంచి ఇంకో మిషన్‌లోకి దానంతటదే పాకుతుంది. చెబుతూనే టైపిస్టు కొట్టే రెండో కంప్యూటర్ దగ్గరికి వెళ్ళాడు. దానికి ఎర్రటి పెన్‌డ్రైవ్ ఒకటి గుచ్చి ఉంది. తెరిచాడు. ఫోల్డర్లు ఉండాల్సిన చోట అన్నీ బాణం గుర్తుల డొల్ల పేర్లు. అసలువి కనబడకుండా లోపల దాచేసి ఉన్నాయి. వందసార్లు చూసిన రోగం.

“ఇదిగో. దొరికింది,” అన్నాడు.

ఒక్క ఊపిరిలో వచ్చిన మాట. కాసేపటి కిందట చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి తన పనితనం చూపించుకోవడానికి అన్న మాట. కానీ అందరి కళ్ళూ ఆ ఎర్ర పెన్‌డ్రైవ్ మీద పడి, అక్కణ్ణుంచి టైపిస్టు మీదికి తిరిగాయి.

టైపిస్టు నలభై ఏళ్ళ మనిషి. ఆ ప్రెస్‌లో పదకొండేళ్ళుగా కొడుతోంది. కూతురి కాలేజీ దరఖాస్తు అచ్చు తీయించడానికి పోయిన శుక్రవారం ఆ పెన్‌డ్రైవ్‌ని కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపుకి తీసుకెళ్ళానని అడక్కుండానే చెప్పేసింది. బయటి పెన్‌డ్రైవ్‌లు పెట్టొద్దని సర్క్యులర్ ఇచ్చానా లేదా అని మేడమ్ అడిగింది. ఇచ్చారంది. సంతకం పెట్టావా లేదా అంది. పెట్టానంది. అంతే, విచారణ అక్కడితో ముగిసింది. ఈ శుక్రవారం ప్రెస్ నడిపే ట్రస్టు కమిటీ కూర్చుంటుంది, అందాకా ఇంటి దగ్గరే ఉండు, ఆ తర్వాత రావాలో వద్దో వాళ్ళే చెబుతారు అంది మేడమ్. ఆవిడ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు కూడా గట్టిగా మాట్లాడలేదు.

టైపిస్టు మణికట్టు కింద పెట్టుకునే చిన్న దిండునీ, అన్నం డబ్బానీ సంచిలో పెట్టుకుంది. కీబోర్డు మీద గుడ్డ కప్పింది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చి కిటికీ పక్కన కూర్చున్న మాస్టారి దగ్గర ఆగింది.

“అన్నయ్యా, ఐదో పాఠం సగంలో ఉంది,” అంది.

మాస్టారు తలెత్తలేదు. ఆయన చూపుడువేలు ఒక వరుస చివరిదాకా వెళ్ళి, మళ్ళీ అదే వరుస మొదటికి వచ్చింది. మళ్ళీ చివరిదాకా వెళ్ళింది. మళ్ళీ మొదటికి వచ్చింది. ఆమె కాసేపు చూసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర మెకానిక్ ఈ సంగతంతా భార్యకి చెప్పాడు. ఆమె ఇంట్లోనే బట్టలు కుడుతుంది. మెడలోని టేపు ఇంకా తియ్యలేదు. పాపం అంది. ఆవిడ పేరు చెప్పింది మేడమా, మీరా అని అడిగింది. నేను పేరేమీ చెప్పలేదు, దొరికిందన్నానంతే అన్నాడు.

“కత్తెర పెట్టేముందు నేనైతే రెండుసార్లు కొలుస్తాను. మీరు ఎన్నిసార్లు కొలిచారు?” అంది ఆమె.

అతను అన్నంలో వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు.

మంగళవారం పొద్దున్న తన షాపు తెరవగానే చేతిలోని పనులన్నీ పక్కన పెట్టి, ఎందుకూ పనికిరాని పాత కంప్యూటర్ ఒకటి బల్ల మీదికెక్కించి, ప్రెస్ నుంచి తెచ్చిన ఆ ఎర్ర పెన్‌డ్రైవ్ దానికి గుచ్చి పురుగుని వదిలాడు. గంటన్నర సేపు అది చేసే పని కళ్ళార్పకుండా చూశాడు. ఫోల్డర్లని దాచింది. బాణం గుర్తులు పెట్టింది. ఇంకో పెన్‌డ్రైవ్ పెడితే దాంట్లోకి పాకింది. అంతకుమించి దానికేమీ చేతకాదు. తాళం వెయ్యడం రాదు, ఉత్తరం రాయడం రాదు. పదేళ్ళనాటి ముసలి పురుగు. జిరాక్స్ షాపుల్లో దోమల్లా తిరుగుతూ ఉంటుంది. కుడితే దద్దురు వస్తుందేమో గానీ ప్రాణం పోదు.

అంటే పోలీసులు దొంగతనం జరిగిన ఇంట్లో పిల్లిని పట్టుకుని బేడీలు వేసినట్టయింది.

మేడమ్‌కి ఫోన్ చేశాడు. పెన్‌డ్రైవ్‌లోది వేరు, తాళం వేసింది వేరు, నేను తొందరపడ్డానన్నాడు. ఆవిడ చివరిదాకా విని, ఇది కాకపోతే ఏది, ఆమె కాకపోతే ఎవరు అని అడిగింది. తెలియదన్నాడు. తెలిశాక చెయ్యండి, కమిటీకి నిన్న సాయంత్రమే కాగితం పంపేశాను, దాని మీద ఇంకో పేరు రాయగలిగితేనే ఈ పేరు కొట్టెయ్యగలను అంది ఆవిడ.

సాయంత్రం ఆ పెన్‌డ్రైవ్‌ని శుభ్రం చేసి, దాచిన ఫోల్డర్లన్నీ బయటికి తీసి టైపిస్టు ఇంటికి వెళ్ళాడు. రెండో అంతస్తులో చిన్న వాటా. తలుపు తీసింది కూతురు. అతన్ని చూడగానే పక్క గదిలోకి వెళ్ళిపోయి తలుపు వేసుకుంది. భర్త బస్సు డ్రైవరు, ఇంకా డ్యూటీ దిగలేదు. టైపిస్టు భోజనాల బల్ల దగ్గర నోటు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఒక్కో గీత మీద ఒక్కో పేరు. పోయిన పుస్తకాల జాబితా కంప్యూటర్‌తోపాటే పోయింది కదా, గుర్తున్నంతవరకూ రాస్తున్నానంది. మూడువందల పదకొండు దాకా వచ్చింది.

ఇది మీ వల్ల జరగలేదమ్మా అన్నాడు అతను నిలబడే. తాను చేసిన పరీక్షంతా చెప్పాడు. పురుగుకీ తాళం వేసేదానికీ తేడా చెప్పాడు. ఆమె శ్రద్ధగా వింది, పెన్‌డ్రైవ్ తీసుకుంది.

“పురుగు ఉన్నమాట నిజమేగా అండీ,” అంది. “నేను పెట్టొద్దన్నది పెట్టినమాట నిజమేగా. తాళం ఇది వెయ్యకపోయినా, వేసినదానికి తలుపు ఇదే తీసిపెట్టి ఉంటుంది. మీరు నామీద దయతో చెబుతున్నారు.”

దయ కాదని ఎంత చెప్పినా ఆమె తల అడ్డంగానే ఊపింది. మెట్లు దిగుతుంటే మూడువందల పన్నెండో పేరు కోసం ఆమె గొణుక్కుంటున్న మాటలు వెనకనుంచి వినపడ్డాయి. నిన్నటి మాటని వెనక్కి తీసుకోవడానికి మాటలు చాలవని అతనికి అప్పుడు తెలిసింది. అసలుదాన్ని పట్టి తెచ్చి మేడమ్ బల్ల మీద పెట్టాలి.

బుధవారం తొమ్మిదింటికల్లా ప్రెస్‌లో ఉన్నాడు. నాలుగు కంప్యూటర్ల మీదా తాళం పడిన ఫైళ్ళన్నీ వేళల వారీగా పేర్చుకున్నాడు. మొదటి తాళం శనివారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి పడింది. మూడో కంప్యూటర్ మీద. అక్కణ్ణుంచి నల్ల పెట్టెకీ, మిగతా మూడింటికీ వెళ్ళింది. రెండు గంటలా నలభై నిమిషాలకల్లా అంతా అయిపోయింది.

మూడో కంప్యూటర్ ప్రూఫ్ మాస్టారిది.

ఆ బల్ల దగ్గర కూర్చోగానే అతనికి మొదట కనిపించింది మానిటర్ గాజు మీద దళసరిగా పేరుకున్న దుమ్ము. దాని దీపం వెలగడం లేదు. మాస్టారికి తెరతో ఏం పని? తెర మీది రాతని కంప్యూటర్ ఆయన చెవిలో చదువుతుంది. ఆయన ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీటలు నొక్కుతారు. తెర ఎందుకు వెలుగుతూ ఉండాలని మొదటిరోజే ఆపేశారు. ఆ తెర మీద ఏం వచ్చిందో, ఏం పోయిందో ఆ గదిలో కళ్ళున్న నలుగురిలో ఒక్కరూ ఎప్పుడూ చూడలేదు.

మెకానిక్ రుమాలుతో గాజు తుడిచి తెర వెలిగించాడు. యాంటీవైరస్ తన పద్దులో అన్నీ రాసి పెట్టుకుంది. పంతొమ్మిది రోజుల్లో ముప్ఫై ఎనిమిది హెచ్చరికలు. ప్రమాదకరమైన ఫైలు కనబడింది, తొలగించమంటారా, ఉంచమంటారా? ముప్ఫై ఎనిమిదిసార్లూ జవాబు ఒకటే. ఉంచు. చాలావరకు పొద్దున్న తొమ్మిదీ ఐదుకి, ఆయన కంప్యూటర్ పెట్టిన వెంటనే. టైపిస్టు వచ్చేది తొమ్మిదిన్నరకి.

ఆ ఫైలేమిటో చూశాడు. అదొక గొంతు.

చదివే సాఫ్ట్‌వేర్‌లో మాట్లాడే గొంతు. మూడు నెలల కిందట పాత కంప్యూటర్ తీసేసి ఈ కొత్తది పెట్టింది మెకానిక్కే. పాత గొంతు కొత్త మిషన్‌లో పనిచెయ్యలేదు. కొత్త గొంతు పెట్టి, విని చూడండి అన్నాడు. మాస్టారు విని, ఇది మైనస్ గుర్తులు మింగేస్తోంది, నాకు పాతదే అలవాటు, దాన్ని ఇందులోకి తేలేరా డాక్టరు గారూ అని అడిగారు. గొంతు ఏదైతేనేం మాస్టారూ, పాటలు పాడించుకుంటామా ఏమన్నానా అని అతను నవ్వేసి సంచి సర్దుకున్నాడు. ఆ నెలలోనే లెక్కల పుస్తకం ఒకటి మైనస్‌లు లేకుండా నూరు కాపీలు అచ్చయిపోయింది. వేలు పట్టేలోపే కాగితం దండగైంది. మాస్టారి చేతిలో అంతకుముందెప్పుడూ అలా జరగలేదు.

మాస్టారు ఇంటర్నెట్‌లో ఎక్కడో వెతికి పాత గొంతు తెచ్చుకున్నారు. ఎవరో నిజం గొంతులోపల ఇంకోదాన్ని కుట్టి ఉచితమని బయట పెట్టారు. వైరస్‌లా అంటుకోలేదు, పురుగులా పాకలేదు. మంచిమనిషి వేషం వేసుకుని వచ్చింది, పిలిస్తేనే వచ్చింది. వచ్చి ఊరికే కూర్చోలేదు. మైనస్‌లు చక్కగా పలుకుతూనే పంతొమ్మిది రోజులు ఆయన నొక్కిన ప్రతి మీటనీ రాసుకుంది. ఆ రాతల్లోంచి అన్ని కంప్యూటర్లకీ ఉన్న పాస్‌వర్డ్ బయటికి పోయింది. అది అందిన తర్వాతే తాళాలవాడు లోపలికి వచ్చాడు.

మెకానిక్ తెర ఆపేసి వెనక్కి తిరిగాడు. మాస్టారు కిటికీ దగ్గర పాత అచ్చు పుస్తకం ఒకటి వేళ్ళతో చూస్తున్నారు.

“మాస్టారూ, ఈమధ్య కంప్యూటర్ మీకేమైనా చెప్పిందా?”

“అది ఎప్పుడూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటుంది డాక్టరు గారూ. నోరు మూసుకున్నప్పుడే నాకు భయం,” అన్నారు మాస్టారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు. వేలు ఆగిపోయింది. మెకానిక్ ఇంకో మాట అడుగుతాడేమోనని ఆయన మెడ కొంచెం పక్కకి తిప్పి, చెవి ఇటు పెట్టి కూర్చున్నారు.

మెకానిక్ అడగలేదు. మాస్టారు యాభై నాలుగేళ్ళ మనిషి. ఈ మూడు గదుల బయట ఆయనకి ఇంకో పని ఎవరిస్తారు? ఆయన అడిగిన రోజే విని ఉంటే పాత మిషన్‌లోంచే ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ గొంతుని మార్చి పెట్టగలిగేవాడు. నవ్వి సంచి సర్దుకున్నది తను.

గురువారం రిపోర్టు రాసుకుని మేడమ్ గదికి వెళ్ళాడు. పెన్‌డ్రైవ్‌లోది మామూలు పురుగనీ, నష్టం దానివల్ల కాదనీ రాశాడు. నల్ల పెట్టెని తగిలించి ఉంచమన్న సలహా తనదేననీ, అది పొరపాటనీ రాశాడు. అసలుది మూడో కంప్యూటర్ మీద గొంతు ఫైలు వేషంలో వచ్చిందని రాశాడు. ఎవరు పెట్టారన్న చోట తెలియలేదు అని రాశాడు. ఆ ఒక్క మాట రాయడానికి పావుగంట పట్టింది.

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది. తెలియకపోవడానికేముంది అంది. ఆ కంప్యూటర్ ముట్టుకునేది ఇద్దరే. మాస్టారు, ఆయనకి ఫైళ్ళు పెట్టిచ్చే టైపిస్టు.

“ఆయనకి కళ్ళే లేవు డాక్టరు గారూ. పాపం, ఆయనేం చేస్తారు? ఆయనకి తప్పు చెయ్యడం కూడా చేతకాదు,” అంది. “అంటే ఆవిడే. పెన్‌డ్రైవ్ ఒకటి, ఇదొకటి. మీ రిపోర్టు ఆవిడ మీద ఇంకో గీత గీసింది.”

మెకానిక్ నోరు తెరిచాడు. తొమ్మిదీ ఐదు అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. గోడకి అవతల మాస్టారి కుర్చీ కిర్రుమంది. నోరు మూసుకున్నాడు. ఒక మనిషిని కాపాడదామని రాసిన అబద్ధం తిన్నగా వెళ్ళి ఇంకో మనిషి నెత్తిన పడింది. రేపు మధ్యాహ్నం కమిటీ కూర్చునేలోగా ఈ రిపోర్టు మార్చి ఇస్తానన్నాడు. మారిస్తే పేరుతో మార్చండి అంది మేడమ్.

మారుస్తానని లేచాడు. పక్క గదిలోకి వెళ్ళి మాస్టారి ఎదురుగా నిలబడ్డాడు. రేపు మధ్యాహ్నం దాకా నా చేతిలో ఉంది మాస్టారూ, అంతే, అని మాత్రం అన్నాడు. ఆయన ఏమీ అడగలేదు. దేని గురించని కూడా అడగలేదు.

శుక్రవారం ఇంకో పని కూడా మొదలైంది. పోయిన ఫైళ్ళు మళ్ళీ రావు. తాళాలవాడితో బేరమాడేది లేదని ట్రస్టు తేల్చి చెప్పింది. మిగిలిందల్లా అచ్చయిన కాగితం. లైబ్రరీల్లోనూ, బడుల్లోనూ ఉన్న చుక్కల పుస్తకాలు వెనక్కి తెప్పించి, ఒకరు వేలితో చదివి చెబుతుంటే ఇంకొకరు మళ్ళీ కొట్టాలి. చదవగలిగింది మాస్టారొక్కరే. ఆయన వేగానికి తగ్గట్టు కొట్టగలిగింది టైపిస్టు ఒక్కతే. అందుకని కమిటీ నిర్ణయం వచ్చేదాకా అని షరతు పెట్టి, మేడమ్ ఆమెని పొద్దున్నే పిలిపించింది. చేయించుకునే పని ఆమెతో, చివాట్లు కూడా ఆమెకే.

మెకానిక్ పదకొండింటికి వచ్చేసరికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. ఆరో తరగతి భూగోళం. పిల్లల వేళ్ళు తిరిగి తిరిగి చుక్కలు అరిగిపోయిన పుస్తకం. అరిగిన చోట మాస్టారు వేలి కొసకి ఉమ్మి తడి చేసుకుని గోటితో తడుముతున్నారు. నది, కామా, పర్వతాల్లో పుట్టి, ఫుల్‌స్టాప్. ఆమె వేళ్ళు మాట వెంటే పరుగెడుతున్నాయి. మణికట్టు కింద దిండు లేదు. ఇంట్లో మర్చిపోయి వచ్చిందో, మళ్ళీ తీసుకెళ్ళాలేమోనని తేలేదో.

మెకానిక్ చేతిలో కొత్త రిపోర్టు ఉంది. అందులో పేరు ఉంది. ఇవ్వడానికి కాళ్ళు మేడమ్ గది వైపు వెళ్ళలేదు. తలుపు పక్కన నిలబడ్డాడు. కాసేపటికి రిపోర్టు కోసం మేడమే వచ్చి అతని పక్కన నిలబడింది.

పేజీ తిప్పే విరామంలో టైపిస్టు మాట్లాడింది. ఇంకెవరైనా వింటున్నారని ఆమె అనుకోలేదు.

“మీ చెవులూ వేళ్ళూ పెట్టి చేసినవన్నీ నా వల్ల పోయాయి అన్నయ్యా. నాలుగువందల ముప్ఫైలో నాకు నాలుగువందల రెండే గుర్తొచ్చాయి. మిగతావి ఏవో కూడా చెప్పలేను. మీరు నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండును.”

మాస్టారి వేలు పేజీ మీద మొదటి వరుసకి చేరింది. అక్కడే ఆగింది. నోరు మాత్రం కదిలింది, నది గురించి చదివిన గొంతుతోనే, అదే వేగంతో. ఆమె వేళ్ళు అలవాటుకొద్దీ కొట్టడం మొదలుపెట్టాయి. రెండు వాక్యాలు కొట్టాక గానీ అవి పుస్తకంలోవి కావని ఆమెకి తెలియలేదు. చేతులు గాల్లో ఆగిపోయాయి.

“ఆపకు చెల్లాయ్, కొట్టు. ఇది పుస్తకంలో లేదు, అయినా కొట్టు. ఆ గొంతు తెచ్చుకున్నది నేను. మైనస్‌లు పోయి నూరు పుస్తకాలు దండగైనప్పుడు మేడమ్ నన్నేమీ అనలేదు, పాపం అన్నారు. ఆ పాపం అన్న మాట భరించలేక తెచ్చుకున్నాను. మొదటిరోజే అది నా చెవిలో చెప్పింది, ప్రమాదకరమైన ఫైలు కనబడింది, తొలగించమంటారా అని. ఆ గొంతే చెప్పింది. నన్ను తీసెయ్యమంటావా అని తనే నన్నడిగింది. వద్దన్నాను. రోజూ అడిగింది, రోజూ వద్దన్నాను. నా తెర ఆపి ఉంటుంది, నాకు తప్ప ఎవరికీ వినపడదు. శనివారం మధ్యాహ్నం మీరంతా వెళ్ళాక మిషన్ లోపల ఏదో పరుగెడుతున్న చప్పుడైంది. గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చింది. నా చెయ్యి వైరు దాకా వెళ్ళింది. లాగేసి ఉంటే సగమైనా మిగిలేవేమో. లాగితే గొంతు పోతుందని లాగలేదు. సోమవారం డాక్టరు గారు దొరికింది అనగానే దొరికింది నేనే అనుకున్నాను. దొరికింది నువ్వని తెలిసి ఊపిరి పీల్చుకున్నాను చెల్లాయ్. ఆ ఊపిరి కూడా రాయి. అది అన్నిటికంటే పెద్ద తప్పు. ఆయనకి కళ్ళు లేవు, తప్పు చెయ్యడం కూడా చేతకాదని నిన్న మేడమ్ అంటుంటే గోడ ఇవతల నుంచి విన్నాను. జన్మంతా ఆ మాట అన్నవాళ్ళ మీద పోట్లాటకి వెళ్ళినవాణ్ణి, నిన్న ఆ మాట చాటునే దాక్కుని కూర్చున్నాను. అందరూ చేసినట్టే నేనూ చేశాను. తెలిసి చేశాను, భయపడి దాచాను, నీమీదికి పోనిచ్చాను. కింద నా పేరు పెట్టు. పెట్టి, కాగితం మీద చుక్కలు పొడిపించి నాకియ్యి. ఒక్క మాట తగ్గించినా నా వేలికి తెలుస్తుంది.”